ఎమ్లీ మూర్: ఒక మెట్టపై మూడు స్తంభములు

ఇంగ్లండు దేశమునకు వెన్నెముక యనదగిన పెన్నైను కొండలవరుస ఉత్తరమునుండి దక్షిణమునకు సాగి, పడమట లాంకషైరును, తూర్పున యార్కుషైరును వేఱుపఱచుచున్నది. ఆ కొండల తూర్పువాలున, హడర్స్‌ఫీల్డు, బార్న్స్‌లీ, వేక్‌ఫీల్డు పట్టణముల నడుమ, సముద్రమట్టమునకు సుమారు 260 మీటర్ల యెత్తున, చెట్టుచేమలు విరళమై గాలికి ఎల్లప్పుడును ఎదురొడ్డి పడియున్న మెట్టభూమి యొకటి కలదు. దాని పేరు ఎమ్లీ మూర్. నేడు ఆ మెట్టపై మూడువందల మీటర్లకు మించిన యెత్తుగల గోపురమొకటి నిలిచియున్నది. ఆధారముగా తాళ్ళేవియు లేక స్వయముగా నిలుచు కట్టడములలో బ్రిటనులో దానిని మించినది లేదు. లండను నగరమునకు అలంకారమైన షార్డ్ భవనము సైతము ఎత్తులో దానికి తీసికట్టే. అయినను ఆ గోపురము యొక్క గౌరవము దాని యెత్తువలన వచ్చినది కాదని నా విశ్వాసము. పదునైదేండ్ల వ్యవధిలో ఆ నేలపై స్థిరముగా నుండవలెనను తలంపుతో మూడు స్తంభములు లేచినవి. మొదటిది కాలము పెరుగగా చాలక తొలగెను. రెండవది సాహసముచే లేచి కూలెను. మూడవది ఆ పతనము నేర్పిన వివేకముచే లేచి నిలిచెను. ఆ వివేకము ఎట్లు సంపాదింపబడెనో, దానికై ఎవరెవరు ఏమి చెల్లించిరో తెలిసికొనుట ఆ గోపురమును తెలిసికొనుటయే.

టెలివిజను తరంగములు దాదాపు సూటిగా సాగు స్వభావము కలవి. మధ్యమతరంగ రేడియో ప్రసారము నేల వంపును అనుసరించి దూరదూరములకు ప్రాకిపోగలదు గాని, టెలివిజను తరంగము అట్లు పోజాలదు. నడుమ కొండ అడ్డమైనచో దాని వెనుకనున్న లోయలోని ఇంటికి బొమ్మ చేరదు, చేరినను మసకగానే చేరును. కొండలును, కొండల నడుమ ఇఱుకైన లోయలును, ఆ లోయలలో ఉన్నిమిల్లుల చుట్టును, బొగ్గుగనుల చుట్టును క్రిక్కిఱిసిన పట్టణములును గల పశ్చిమ యార్కుషైరు వంటి సీమలో ఎత్తైన స్తంభము లేనిదే టెలివిజను లేదు. ఆ సీమవారికి ఎత్తు అనునది ఆడంబరము కాదు, అవసరము.

బ్రిటనులో టెలివిజను మొదట బి.బి.సి. సంస్థ యొక్క ఏకాధిపత్యమున నుండెను. ఆ సంస్థ 1951 అక్టోబరు 12న, ఎమ్లీకి నైరృతిదిశనున్న హోమ్ మాస్ అను ఉన్నతమైన బీడుపై 750 అడుగుల స్తంభము నిలిపి, ఉత్తర ఇంగ్లండు ప్రజలకు బొమ్మలు పంపనారంభించెను. 1954లో పార్లమెంటు టెలివిజను చట్టము చేసి, వ్యాపారప్రకటనల రాబడితో నడచు మఱియొక ప్రసారమునకు అనుమతి నొసగినప్పుడు, అందొక విలక్షణమైన ఏర్పాటు గావించెను. స్తంభములును ట్రాన్స్‌మిటర్లును ఇండిపెండెంట్ టెలివిజన్ అథారిటీ యను ప్రజాసంస్థకు చెందును. కార్యక్రమములను నిర్మించు బాధ్యత మాత్రము ప్రాంతమున కొకటిగా ఎన్నుకొనబడిన కంపెనీలది. దేశమంతటికి ఒకే కంఠము వినిపించు పద్ధతికి బదులు, ఏ సీమ మాట ఆ సీమలో పుట్టవలెనన్నది ఆ ఏర్పాటులోని ఆశయము. లండనులో 1955 సెప్టెంబరు 22న ఆరంభమైన ఈ ప్రసారము మఱుసటి ఏడాది ఉత్తరమునకు వచ్చెను. పడమటి వాలునకు వింటర్ హిల్ అను కొండపై 1956 మే నెలలోను, తూర్పువాలునకు ఎమ్లీ మూర్‌పై ఆ సంవత్సరమే నవంబరు 3వ తేదీనను కేంద్రములు తెఱవబడినవి. ఎమ్లీ మూర్ తొలి స్తంభము 135 మీటర్ల జాలక గోపురము. ఇనుపకమ్మీలు అడ్డదిడ్డముగా కూర్చి, గాలి చొరబాఱుటకు సందులిచ్చి, నాలుగుకాళ్ళపై నిలిపిన సామాన్యమైన కట్టడము.

స్తంభము యార్కుషైరుది గాని, అందుండి వెలువడు మాట యార్కుషైరుది కాదు. కొండలకు రెండువైపుల సీమలను కలిపి ‘ఉత్తరప్రాంతము’ అని ఒకే ప్రాంతముగా లెక్కించుటచే, వారపుదినములలో గ్రనాడా కంపెనీయు, శని ఆదివారములలో ఎ.బి.సి. యను మఱియొక కంపెనీయు రెండు సీమలకును కార్యక్రమముల నిచ్చుచుండెను. గ్రనాడా కార్యస్థానము లాంకషైరు సీమలోని మాంచెస్టరు. ఈ రెండు సీమల నడుమ నున్న స్పర్ధ ఈనాటిది కాదు. 15వ శతాబ్దమున యార్కు, లాంకస్టరు రాజవంశములు ఇంగ్లండు సింహాసనమునకై సలిపిన యుద్ధము గులాబీల యుద్ధమని చరిత్రలో పేరొందినది. యార్కుషైరు తెల్లగులాబీని, లాంకషైరు ఎఱ్ఱగులాబీని నేటికిని తమ చిహ్నములుగా ధరించును. వైశాల్యములో ఇంగ్లండునందలి సీమలన్నిటికంటె పెద్దదై, తన యాసను, తన క్రికెట్టును, తన పల్లెలను ఎంతో అభిమానముతో కాపాడుకొను యార్కుషైరు జనులు తమ వార్తలను మాంచెస్టరు నోట వినుట ఎంత వెలితియో ఊహింపవచ్చును.

ఈ వెలితిని అథారిటీవారు తీర్చిరి. అప్పుడు ఆ సంస్థకు అధ్యక్షుడు లార్డ్ హిల్. 1967లో ప్రాంతముల గుత్తలను తిరిగి పంచునప్పుడు ఉత్తరప్రాంతమును పెన్నైను కొండలవెంబడి రెండుగా విభజించి, పడమటిభాగమును వారములోని ఏడుదినములకును గ్రనాడాకు విడిచి, తూర్పుభాగమును ఒక క్రొత్త కంపెనీకి ఒసగిరి. ఆ కంపెనీయే యార్కుషైర్ టెలివిజను. లీడ్స్ నగరమున కిర్క్‌స్టల్ రోడ్డున, రంగుల టెలివిజనును దృష్టియందుంచుకొని స్టూడియోలు కట్టించుకొని, ఆ కంపెనీ 1968 జులై 29న ప్రసారము లారంభించెను. ఆనాడే మొదలైన ‘క్యాలెండర్’ అను ప్రాంతీయ వార్తావిశేషముల కార్యక్రమము తరతరములుగా యార్కుషైరు సాయంకాలములలో ఒక అంగమై నేటికిని కొనసాగుచున్నది. సంతలు, సమ్మెలు, గనుల ప్రమాదములు, గొఱ్ఱెల పోటీలు, ఊరి క్రికెట్టు పందెములు లండనువారి దృష్టికి ఆనవు గాని, ఆ ఊరివారికి అవియే లోకవార్తలు. వానికి తెరపై చోటు దొరకుటయే ప్రాంతీయ ప్రసారమునకు సార్థకత.

ఈ క్రొత్త కంఠమును మోయుటకు ఎమ్లీ మూర్‌పై అప్పటికే క్రొత్త స్తంభము సిద్ధముగా నుండెను. 1960వ దశకమున బ్రిటను 405 గీతల పాతబొమ్మను విడిచి, స్పష్టతరమైన 625 గీతల బొమ్మకు మరలుచుండెను. 1964లో ఆరంభమైన బి.బి.సి. రెండవ ప్రసారమును, రాబోవు రంగుల ప్రసారములును అత్యున్నత పౌనఃపున్యముగల యు.హెచ్.ఎఫ్. తరంగములపై నడువవలెను. ఈ తరంగములు పాతవానికంటె సూటిగా సాగునవి. కొండనీడ వీనికి ఇంకను గాఢము. కావున వింటర్ హిల్, ఎమ్లీ మూర్, లింకన్‌షైరులోని బెల్మాంట్ అను మూడుచోట్ల క్రొత్తమాదిరి మహాస్తంభములు నిలుప నిశ్చయించిరి. ప్రధానగుత్త ఇ.ఎం.ఐ. ఎలక్ట్రానిక్స్ కంపెనీది, స్తంభముల రూపకల్పనయు, నిర్మాణమును బి.ఐ.సి.సి. అను కంపెనీవారి ఉపగుత్త.

ఎమ్లీ మూర్ స్తంభము 1966 నాటికి పూర్తియయ్యెను. దాని యెత్తు 385 మీటర్లు. అందు క్రింది 275 మీటర్ల భాగము జాలకము కాదు, 2.75 మీటర్ల వ్యాసముగల ఉక్కు గొట్టము. దానిపై మఱియొక నూఱుమీటర్లకు మించి సన్నని జాలకభాగము. పలుదిక్కుల నేలకు లాగికట్టిన ఉక్కుతాళ్ళు దానికి ఆధారము. వెనుకటి గోపురములలో గాలివానకు బయటపడియుండు పరికరములకును, మనుష్యులకును గొట్టము లోపల కాపుదల దొరకును. చూచుటకు సన్నగా, నునుపుగా, ఒక్క గీతవలె ఆకాశమున లేచిన ఆ స్తంభము ఆ కాలపు విశ్వాసమునకు ప్రతిరూపము. అయితే అంతటి యెత్తున గుండ్రని గొట్టమును తాళ్ళతో నిలుపుట అదివఱకు బ్రిటనులో ఎవరును ఎఱుగని పని. జాలకస్తంభముల విషయమున దశాబ్దములుగా కూడిన అనుభవము గొట్టమునకు ఎంతవఱకు వర్తించునన్న ప్రశ్నకు అనుభవమునుండి సమాధానము దొరకదు. గణితమునుండియు, జాగరూకతనుండియు వెదకుకొనవలెను.

చలికాలము వచ్చినప్పుడు ఆ మెట్టపైని పొగమంచు ఉక్కుతాళ్ళపై గడ్డకట్టి మందముగా పేరుకొనెడిది; ఎండ తగిలినప్పుడు ఆ గడ్డలు విఱిగి క్రిందపడుచుండుటచే, చుట్టుపట్ల నడచువారిని హెచ్చరించుటకు మినుకుమినుకుమను దీపము లమర్చిరి. 1969 మార్చి నెలలోను అట్లే మంచు పేరుకొనెను. 19వ తేదీ బుధవారము సాయంకాలము 5 గంటల 1 నిమిషమునకు ఆ మహాస్తంభము కూలిపోయెను. తుపానేమియు లేదు, వీచుచున్నది పెద్దగాలి కాదు. మూడేండ్లుగా ఆ సీమ దిక్కులకు గుర్తుగా నిలిచిన కట్టడము వందలమీటర్ల మేర పొలములపైనను, దారిపైనను ముక్కలై పడెను. తెగిన తాళ్ళు బాటకు అడ్డముగా పరచుకొనెను. చేరువనున్న ప్రార్థనామందిరము దెబ్బతినెను. అంత ఉక్కు అంత యెత్తునుండి జనావాసము ప్రక్కన పడియు, ఒక్కరికైనను గాయము కాకపోవుట ఆ దినమున జరిగిన ఒకేయొక మేలు.

లక్షలకొలది ఇండ్లలో తెర వెలవెలబోయెను. హోమ్ మాస్ నుండి వచ్చు బి.బి.సి. తొలిప్రసారము మాత్రము నిలువగా, ఎమ్లీ మూర్‌పై ఆధారపడిన బి.బి.సి. రెండవ ప్రసారమును, యార్కుషైర్ టెలివిజనును ఒక్కసారిగా అంతరించినవి. పుట్టి ఎనిమిదినెలలైనను నిండని కంపెనీకి ప్రసారమే లేకపోయినచో ప్రకటనల రాబడి లేదు, ప్రకటనల రాబడి లేనిచో జీవితమే లేదు. ఇంజినీర్లు ఆ ఆపత్సమయమున చూపిన దక్షత మెచ్చదగినది. కొలది దినములలోనే తాత్కాలిక సాధనములతో ప్రసారములను పునరుద్ధరించి, పిమ్మట స్వీడను నుండి 204 మీటర్ల స్తంభమును తెప్పించి ఏప్రిలులోనే నిలిపిరి. ఆ సంవత్సరము నవంబరు 15న బి.బి.సి. తొలిప్రసారమును, ప్రకటనలతో నడచు స్వతంత్ర టెలివిజనును రంగులలో ఆరంభమైనప్పుడు, దేశమున ఆ భాగ్యమును తొలుతగా అందుకొన్న కొలదిపాటి కేంద్రములలో ఎమ్లీ మూర్ కూడ ఒకటి. పడిపోయిన ఎనిమిదినెలలకే ఆ మెట్టనుండి యార్కుషైరు తన్ను తాను రంగులలో చూచుకొనగలిగెను.

స్తంభము ఏల కూలెను? మంచు బరువువలననే యని జనులు తొలుత తలంచిరి. అది సగము సత్యము మాత్రమే. గుండ్రని గొట్టమును గాలి తాకినప్పుడు, దాని వెనుక గాలి ఒక్కతీరున సాగక, ఒకమాఱు కుడిప్రక్కను, ఒకమాఱు ఎడమప్రక్కను సుడులుగా విడివడును. ఒక్కొక్క సుడి విడివడినప్పుడెల్ల గొట్టము ఆ ప్రక్కకు స్వల్పముగా లాగబడును. ఆ లాగుడు యొక్క లయ గొట్టము స్వభావసిద్ధముగా ఊగు లయతో కలిసెనా, ఉయ్యాలను సరియైన క్షణమున మెల్లగా త్రోయుచు పోయినచో అది అంతకంతకు ఎత్తునకు ఊగునట్లు, ఊపు క్షణక్షణమునకు పెరుగును. జాలకములో గాలి సందులగుండ దూసికొనిపోవును గనుక అక్కడ ఈ సుడులు ఇట్లు లయబద్ధములు కావు. మఱియు ఈ అపాయమునకు పెనుగాలి అక్కఱలేదు. మందముగా, ఎడతెగక, ఒకే వేగమున వీచు గాలియే మిక్కిలి ప్రమాదకరము. దానికి మంచు తోడయ్యెను. తాళ్ళపై ఒకవైపు హెచ్చుగను, ఒకవైపు తక్కువగను పేరుకొనిన మంచు స్తంభమును అసమానముగా లాగి బిగించెను. ఒక్కొక్కటిగా భరింపదగిన ఆ రెండు భారములు ఒకే వేళ కూడి ఉక్కు ఓర్పును మించినవి. విచారణలో తేలిన సారాంశమిది. ఇదే మాదిరివైన వింటర్ హిల్, బెల్మాంట్ స్తంభముల గొట్టములలో వెంటనే బరువైన ఉక్కుగొలుసులు వ్రేలాడదీసి, ఊపును అణచు ఏర్పాటు గావించిరి. వానికి ఎమ్లీ మూర్ గతి పట్టలేదు.

ఇంజినీర్ల విచారణ ఇంతటితో ముగిసెను గాని, న్యాయవిచారణ స్తంభము కూలిన పదేండ్లు దాటిన గాని ముగియలేదు. 1972లో ఇండిపెండెంట్ బ్రాడ్‌కాస్టింగ్ అథారిటీగా పేరు మారిన ఆ ప్రజాసంస్థ, ప్రధానగుత్తదారులైన ఇ.ఎం.ఐ. వారిపైనను, స్తంభమును రూపొందించిన బి.ఐ.సి.సి. వారిపైనను వ్యాజ్యము తెచ్చెను. అందు ప్రధానప్రశ్నలు రెండు. స్తంభపు రూపకల్పనకు బాధ్యులెవరు? ఎవరును ఎఱుగని మార్గమున తొలుత నడచినవాడు తప్పటడుగు వేసినచో అది దోషమా, దురదృష్టమా? 1964 నవంబరులో స్తంభముల ఊపును గుఱించి సందేహము పుట్టినప్పుడు, అవి అపాయకరముగా ఊగవని తమకు సంపూర్ణవిశ్వాసము కలదని బి.ఐ.సి.సి. వారు వ్రాసిన ఉత్తరము కూడ విచారణకు వచ్చెను. 1980లో, ఆనాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువులసభ తుదితీర్పు చెప్పెను. ఆ ఉత్తరము ఒప్పందపూర్వకమైన హామీ కాదనిరి. కాని రూపకల్పనలో బి.ఐ.సి.సి. అజాగ్రత్త వహించినదనియు, ఆ రూపకల్పనకు ఇ.ఎం.ఐ. తన ఒప్పందమునుబట్టి బాధ్యతవహింపవలెననియు నిర్ణయించిరి.

ఈ తీర్పులోని సారము నాకు ఆ గోపురముకంటె ఉన్నతముగా తోచును. క్రొత్తదానిని నిర్మించువాడు తన ముందు ఎవరును నడువలేదను సాకు చెప్పరాదు. ముందు ఎవరును నడువలేదు గనుకనే అతడు రెట్టింపు మెలకువతో నడువవలెను. గాలిసుడులు వేఱుగా తెలిసినవే, మంచు వేఱుగా తెలిసినదే. ఆ రెండును ఒకేసారి కూడినచో ఏమగునని ప్రశ్నించుకొనకపోవుటయే లోపము. తెలియనిచోట ప్రశ్న వేయుట శాస్త్రజ్ఞునికి ధర్మము. ఆ ధర్మమును విస్మరించినప్పుడు దాని ఫలమును క్రింద నివసించు జనులు అనుభవింపవలసి యుండును. అందుచేత బ్రిటనులోనేగాక ఆంగ్లన్యాయసంప్రదాయము నెఱిగినచోట్ల నెల్ల, నిర్మాణరంగపు బాధ్యతలు చర్చకు వచ్చినప్పుడు ఎమ్లీ మూర్ వ్యాజ్యమును నేటికిని స్మరింతురు.

ఈ వ్యాజ్యము పరిష్కారమగుటకు చాలముందే మూడవస్తంభము లేచెను. తాళ్ళున్నచోట మంచు పేరుకొనును గనుక ఈమాఱు తాళ్ళే వలదని నిశ్చయించిరి. రూపకల్పన ప్రఖ్యాతమైన ఓవ్ అరప్ సంస్థవారిది. 1969లో ఆరంభమైన పని ముగిసి, 1971 జనవరి 21న యు.హెచ్.ఎఫ్. ప్రసారములు క్రొత్త గోపురమునుండి వెలువడినవి. నేలమట్టమున 24 మీటర్లకు మించిన వ్యాసముతో లేచి, మీదికి పోనుపోను మెత్తని వంపుతో సన్నగిల్లుచు, శిఖరమున ఆఱుమీటర్ల చిల్లరకు కుదించుకొనిపోవు కాంక్రీటు కంబము దాని ప్రధానదేహము. ఆ కంబము యెత్తు సుమారు 275 మీటర్లు. దానిపై 55 మీటర్ల ఉక్కుభాగమున ఏంటెనాలు అమర్చిరి. పునాది ఆఱుమీటర్ల లోతు. కంబము లోపల ఎక్కు లిఫ్టునకు శిఖరము చేరుటకు ఏడునిమిషములు పట్టును. కట్టిననాడు ఇది కూలిన స్తంభముకంటె 55 మీటర్లు తక్కువ. ఎత్తును తగ్గించుకొని స్థైర్యమును పెంచుకొనుటలో చిన్నతనము లేదని ఆ నిర్మాతలు భావించిరి. అందులోనే వారి పెద్దఱికము తెలియుచున్నది.

ఈ గోపురపు నీడలో యార్కుషైర్ టెలివిజను పెరిగి పెద్దదయ్యెను. 1972 అక్టోబరు 16న ఆరంభమైన ‘ఎమ్మర్‌డేల్ ఫార్మ్’ అను ధారావాహిక, యార్కుషైరు లోయలలోని ఒక వ్యవసాయకుటుంబపు కథగా మొదలై, దేశమంతటను ఆదరణ పొంది, పేరు కొంత సంక్షిప్తమై నేటికిని సాగుచున్నది. 1974లో బెల్మాంట్ స్తంభము కూడ ఈ కంపెనీ పాలికి రాగా, లింకన్‌షైరు మైదానములును దాని ప్రేక్షకసీమలో చేరినవి. కాని కంపెనీల ఆయువు కాంక్రీటు ఆయువు వంటిది కాదు. 1992లో యార్కుషైర్ టెలివిజను తన ఉత్తరపు పొరుగైన టైన్ టీస్ టెలివిజనును కలుపుకొనెను. 1997లో ఆ రెంటిని గ్రనాడా కొనివేసెను. 2004లో గ్రనాడా, కార్ల్‌టన్ కంపెనీలు ఏకమై ఐ.టి.వి. యను ఒకే మహాసంస్థ యేర్పడెను. ఏ మాంచెస్టరు కంపెనీనుండి విడివడుటకై యార్కుషైరు తన కంపెనీని పొందెనో, దాని చేతికే అది ముప్పదియేండ్లలో తిరిగి పోయెను. పలువురు వేర్వేఱు స్వరములతో పలుకవలెనని 1954 నాటి శాసనకర్తలు కన్న కల వ్యాపారపు ఒత్తిడిలో ఇట్లు సన్నగిల్లుటను చూచి, ప్రాంతీయభాషలపైనను, యాసలపైనను ప్రేమగల యెవరును చింతింపకపోరు. అయినను లీడ్స్ నుండి ‘క్యాలెండర్’ వార్తలు వెలువడుచునే యున్నవి. ఆ నేలవారి మాట పూర్తిగా మూగవోలేదు.

గోపురము మాత్రము తన పని మానలేదు. 1985లో పాత 405 గీతల ప్రసారము అస్తమించెను. 2011 సెప్టెంబరులో అనలాగు ప్రసారమును ముగిసి, అంకెలరూపమైన డిజిటల్ ప్రసారమే మిగిలెను. గోపురము ఆ మార్పులన్నిటిని భుజములపై మోసెను. 2018లో తరంగముల కేటాయింపు మారి, శిఖరమున ఏంటెనాలను మార్చవలసి వచ్చినప్పుడు, ప్రసారము ఆగకుండుటకై ప్రక్కనే తాళ్ళతో కూడిన తాత్కాలికస్తంభమును, ఇంచుమించు అంతే యెత్తున, నిలిపిరి. 2002లో ప్రభుత్వము ఈ గోపురమును రెండవశ్రేణి రక్షితకట్టడముల జాబితాలో చేర్చెను. మఠములును, కోటలును, ప్రాచీనమందిరములును ఉండు ఆ పట్టికలో ముప్పదియేండ్ల వయస్సుగల కాంక్రీటు కంబమునకు చోటు దొరకుట అరుదైన గౌరవము.

కాలక్రమమున ఉపగ్రహములును, భూమిలో పఱచిన గాజుతంతులును బొమ్మలను ఇంటింటికి చేర్చుచుండగా, ఇట్టి గోపురముల అవసరమే ఒకనాటికి తీరిపోవచ్చును. అప్పుడు కూడ ఎమ్లీ మూర్ చరిత్రము విలువను కోల్పోదు. కట్టడములు కూలుట ఏ దేశమునకును క్రొత్త కాదు. కూలినదానిని దైవోపహతి యని విడువక, కారణమును బహిరంగముగా వెదకి, బాధ్యులను న్యాయస్థానమున నిలిపి, తక్కిన స్తంభములను కాపాడి, ఆ నేలపైననే మేలైనదానిని కట్టుట అన్ని దేశములును అన్ని కాలములును చేసిన పని కాదు. ఆకాశమునకు ఎత్తుగా కట్టవలెనని కోరుకొను ప్రతిజాతియు ఎమ్లీ మూర్‌నుండి నేర్వదగినది ఇదియే: ఎత్తుగా కట్టువాని మొదటి ఋణము క్రింద నివసించువారియెడల; ఆ ఋణము తీర్చుటకు, కట్టకముందు వేసికొను ప్రశ్నలకంటె చౌకయైన సాధనము వేఱొకటి లేదు.